వారంలో రాజీ, ఏడాదికి బయటపడే నష్టం: కాన్పు గాయాలు, పరిహారం కేసులు

కాన్పులో బిడ్డకు ఏదో జరిగిందని తెలిసిన ఇంట్లో మొదట వినిపించేవి నాలుగైదు మాటలే. మెడకి పేగు చుట్టుకుందట. ఉమ్మనీరు తాగేశాడట. పుట్టగానే ఏడవలేదట, బాక్సులో పెట్టారట. రాజోలులో అయినా, పాలకొల్లులో అయినా, రామచంద్రపురంలో అయినా చుట్టాలకు ఫోన్లో చెప్పేది ఇదే. ఆసుపత్రి వాళ్లు వరండాలో నిలబడి చెప్పేదీ ఇదే. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ వీటిలో ఒక్కటి కూడా తప్పు ఎవరిదో చెప్పదు. మెడకు పేగు చుట్టుకోవడం నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో కనిపించేదే. అలా పుట్టిన పిల్లల్లో ఎక్కువమందికి ఏ ఇబ్బందీ రాదు. పరిహారం కేసులో అడిగేది వేరు. బిడ్డ గుండె వేగం పడిపోతోందని ఎప్పుడు తెలిసింది? అది తెలియడానికి అసలు ఎవరైనా విన్నారా? విన్నాక ఎంతసేపటికి, ఏం చేశారు?

వీటికి జవాబులు ఆ రాత్రి రాసిన కాగితాల్లో ఉంటాయి. ఆ కాగితాలు కావాలని కుటుంబానికి తట్టేది మాత్రం ఏడాది, ఏడాదిన్నర గడిచాకే. అప్పటికి బిడ్డ మెడ నిలపడం లేదు, కూర్చోవడం లేదు, ఫిట్స్ వస్తున్నాయి. ఈలోగా పెద్దమనుషులు కూర్చోబెట్టి చేసిన రాజీ మొదటి వారంలోనే అయిపోయి ఉంటుంది. వినియోగదారుల చట్టం ఇచ్చిన రెండేళ్ల గడువూ కరిగిపోతూ ఉంటుంది. ఇలాంటి కేసులు బలహీనపడేది ఎక్కువగా ఇక్కడే. చట్టంలో దారి లేక కాదు. నష్టం ఆలస్యంగా బయటపడుతుంది, మిగతావన్నీ తొందరగా ముగిసిపోతాయి.

ఏది నిర్లక్ష్యం, ఏది కాదు

కాన్పు సమయంలో బిడ్డకు కలిగే హాని అంతా వైద్యుల తప్పు కాదు. ఈ మాట ముందే అనుకోకపోతే మిగతాదంతా కోపంగానే మిగిలిపోతుంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని శరీర కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్న పిల్లల్లో, కాన్పులో ఊపిరాడకపోవడమే కారణమని తేలేవాళ్లు తక్కువ వంతే. నెలలు నిండకుండా పుట్టడం, గర్భంలో ఇన్ఫెక్షన్లు, మెదడు ఎదుగుదలలో తేడాలు, జన్యు కారణాలు చాలా ఉన్నాయి. మేనరికాలు ఇంకా జరుగుతున్న ప్రాంతంలో ఆసుపత్రి తరఫు లాయరు వేసే మొదటి ప్రశ్న ‘మీది మేనరికమా’ అన్నదే అయినా ఆశ్చర్యం లేదు. అవును అన్నంత మాత్రాన కేసు పోదు. కాకపోతే జన్యు పరీక్షలు, ఎమ్మారై లేకుండా ఆ వాదనను తిప్పికొట్టడం కష్టం.

నిర్లక్ష్యం ఉందేమోనని చూడాల్సిన సందర్భాలు కొన్ని తరచుగా ఎదురవుతాయి. ‘నొప్పుల ఇంజెక్షన్’ అని అందరూ అనే ఆక్సిటోసిన్ డ్రిప్ అందులో మొదటిది. మోతాదు మించితే గర్భాశయం విరామం లేకుండా బిగుసుకుంటుంది, బిడ్డకు రక్తం అందడం తగ్గుతుంది. అందుకే ఆ డ్రిప్ పెట్టినప్పుడు చుక్కల వేగం లెక్కగా ఉండాలి, బిడ్డ గుండెను వింటూ ఉండాలి. డ్రిప్ పెట్టి నర్సు వేరే బెడ్ దగ్గరికి వెళ్లిపోయి, రెండు గంటలు ఎవరూ వినకపోతే అది కాంప్లికేషన్ కిందికి రాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంటికొచ్చి ఆ ఇంజెక్షన్ చేస్తే లెక్క ఇంకా తేలిక. అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు 1996లో పూనమ్ వర్మ కేసులో చెప్పింది.

భుజం ఇరుక్కోవడం మరొకటి. తల వచ్చాక భుజం రాకపోతే గట్టిగా లాగడం వల్ల మెడ పక్క నరాలు దెబ్బతిని చెయ్యి వేలాడిపోతుంది. చాలామంది పిల్లల్లో కొన్ని నెలల్లో అదే సర్దుకుంటుంది, కొందరికి ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఇక్కడ ప్రశ్న కాన్పుకు ముందే మొదలవుతుంది. తల్లికి షుగర్ ఉందని తెలుసా, బిడ్డ బరువు ఎక్కువని స్కానింగ్‌లో తేలిందా, తేలితే ఎవరికైనా చెప్పారా? పుట్టాక వచ్చే కామెర్ల సంగతీ అంతే. ‘పొద్దున్నే కాసేపు ఎండలో పెట్టండి’ అని మర్నాడే ఇంటికి పంపేసి, తల్లిది నెగెటివ్ గ్రూపు అన్న విషయం కూడా చూసుకోకపోతే, బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) మెదడులో చేరి జీవితాంతం వినికిడి, కదలిక పోయే ప్రమాదం ఉంది. ఇది ముందే పసిగట్టి ఆపగలిగిన హాని. అందుకే కేసుగా కూడా బలమైనది.

నెలలు నిండని పిల్లల కళ్ల గురించి దేశంలో తీర్పులే ఉన్నాయి. 34 వారాల లోపు లేదా 2 కిలోల లోపు పుట్టిన బిడ్డకు నెల నిండేలోపు రెటీనా పరీక్ష చేయించాలి. ఆలస్యమైతే చూపు తిరిగి రాదు. చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ ఆసుపత్రిలో 1996లో 29 వారాలకే, 1250 గ్రాముల బరువుతో పుట్టిన పాపకు ఆ పరీక్ష గురించి ఎవరూ చెప్పలేదు. చూపు పోయింది. ఆ కేసు 2015లో సుప్రీంకోర్టులో ముగిసింది. మొత్తం సుమారు రూ.1.8 కోట్లు ఇవ్వాలని తీర్పు, అందులో ఎక్కువ భాగం తమిళనాడు ప్రభుత్వమే కట్టాలి. 2019లో ఢిల్లీలోని మహారాజా అగ్రసేన్ ఆసుపత్రి కేసులో అదే కారణానికి రూ.76 లక్షలు.  రెండింటిలోనూ సమయానికి చేయించాల్సిన ఒక పరీక్ష జరగకపోవడమే ప్రధానమైన తప్పుగా తేలింది.

డాక్టరు తీసుకున్న నిర్ణయం తర్వాత తప్పని తేలితే అది నిర్లక్ష్యం అయిపోదు. అదే అర్హత ఉన్న మరో సాధారణ డాక్టరు ఆ పరిస్థితిలో చేయదగ్గ పనే చేశారా అన్నది కొలబద్ద. 2005లో జాకబ్ మాథ్యూ తీర్పు దీన్నే స్థిరపరిచింది. ‘సిజేరియన్ ముందే చేసి ఉంటే బాగుండేది’ అన్న మాట ఒక్కటే సరిపోదు. ముందే చేయాలని సూచించే గుర్తులు ఎదురుగా ఉన్నాయని చూపించాలి.

కేస్ షీట్‌లో ఒక పేజీ

ఉదాహరణకు ఇలాంటి పేజీ ఒకటి ఊహించుకోండి. రాత్రి 1 గంటకు అడ్మిషన్, బిడ్డ గుండె నిమిషానికి 142. 1.30కి డ్రిప్ మొదలు. 2, 3, 4 గంటలకు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ‘గుడ్’ అని మూడుసార్లు. అంకె లేదు. 4.50కి ‘90, డాక్టరుకు ఫోన్’. 5.40కి మత్తు డాక్టరు వచ్చారు. 6.05కి పెద్దాపరేషన్, మగబిడ్డ, ఏడవలేదు. ఈ పేజీ చదవడానికి లాయరు అక్కర్లేదు. గుండె వేగం మామూలుగా 110 నుంచి 160 మధ్య ఉంటుంది. నొప్పులు మొదలయ్యాక కనీసం అరగంటకోసారి, బిడ్డ బయటికి వచ్చే దశలో అయిదు నిమిషాలకోసారి వినాలని పద్ధతి. డ్రిప్ పెట్టాక ఇంకా దగ్గరగా చూడాలి. పై పేజీలో మూడు గంటల పాటు ఒక్క అంకె కూడా లేదు. ఆ మూడు గంటల్లో అంతా బాగానే ఉందని చెప్పాల్సిన భారం ఆసుపత్రి మీదికి వెళ్తుంది. అన్ని సందర్భాల్లోనూ ఎక్స్‌పర్ట్ సాక్ష్యం తప్పనిసరి కాదని, తప్పు కళ్లకు కట్టినట్టు ఉంటే అక్కర్లేదని 2010లో హైదరాబాద్‌కు చెందిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆసుపత్రిని కేసులో పార్టీగా (ప్రతివాదిగా) చేర్చితే చాలు, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ చెప్పాల్సిన పని లేదని 2004లోనే తేల్చింది.

కాన్పుకూ మెదడు నష్టానికీ లంకె చూపించేవి వేరే కాగితాలు. పుట్టిన 1, 5 నిమిషాలకు బిడ్డ ఊపిరి, గుండె, కదలిక చూసి వేసే ఆప్గార్ మార్కులు, బొడ్డు తాడు రక్తంలో ఆమ్లత్వం, మొదటి రోజుల్లో ఫిట్స్, మొదటి వారంలో తీసిన ఎమ్మారై. ఊపిరాడక దెబ్బతిన్న మెదడు ఎమ్మారైలో ఒక తీరుగా కనిపిస్తుంది, గర్భంలోనే ఏర్పడిన లోపం మరో తీరుగా ఉంటుంది. ఏడాది తర్వాత తీసిన ఎమ్మారై కూడా పనికొస్తుంది, కానీ అంత స్పష్టంగా చెప్పదు. బొడ్డు తాడు రక్త పరీక్ష చిన్న నర్సింగ్ హోముల్లో చాలాచోట్ల జరగదు. అది లేదని కేసు వదులుకోనక్కర్లేదు, కానీ మిగతావి గట్టిగా ఉండాలి.

2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం రికార్డులు కనీసం మూడేళ్లు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఇచ్చి పంపేస్తే సరిపోదు. కేస్ షీట్, నర్సుల నోట్స్, డ్రిప్ చార్టు, గుండె వేగం గ్రాఫు, ఆపరేషన్ నోట్స్, మత్తు నోట్స్, బిడ్డ వార్డు షీట్ పూర్తి కాపీ కావాలని రాతపూర్వకంగా అడగాలి. రిజిస్టర్డ్ పోస్టులో పంపితే తేదీ మిగులుతుంది. ఇది గొడవ పెట్టుకోవడం కాదు. బిడ్డను తర్వాత చూసే పిల్లల డాక్టరుకు కూడా అవే కావాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు ఉంది. ఇంట్లో ఉన్న మాతా శిశు సంరక్షణ కార్డును పారేయకూడదు. ఏఎన్ఎం రాసిన బరువు, బీపీ, షుగర్, బ్లడ్ గ్రూపు అందులోనే ఉంటాయి. ఆ రాత్రి భర్త చేసిన ఫోన్ కాల్స్ జాబితా కూడా సాక్ష్యమే. తెల్లవారుజామున 2.40కి ‘ఇంకా డాక్టరు రాలేదు’ అని అత్తగారికి పంపిన వాట్సాప్ మెసేజ్, ఆసుపత్రి తర్వాత రాసుకున్న టైముతో సరిపడకపోవచ్చు. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేస్తే అది చెల్లుతుంది. ఫోన్ మార్చేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

రిఫర్ చేశారు, తర్వాత?

గోదావరి డెల్టాలో కాన్పు కేసు ఒక్క ఆసుపత్రితో ముగియడం అరుదు. మండల కేంద్రంలో మొదలై, అమలాపురమో, భీమవరమో, నరసాపురమో చేరి, అక్కడి నుంచి ‘కాకినాడ తీసుకెళ్లండి’, ‘రాజమండ్రి తీసుకెళ్లండి’ అన్న మాటతో 108లో ఎక్కుతుంది. గంటన్నర, రెండు గంటల ప్రయాణం. లంక గ్రామాల వాళ్లకు దానికి ముందు పడవ. 2022 జూలై వరద లాంటి రోజుల్లో రోడ్డే ఉండదు. ఇంత దూరంలో ఎక్కడ ఎంత సమయం పోయిందన్నదే కేసుకు ప్రాణం, ప్రతివాదులకూ అదే ఊతం. మొదటి ఆసుపత్రి ‘బాగానే పంపాం, దారిలో పోయింది’ అంటుంది. రెండోది ‘వచ్చేటప్పటికే ఇలా ఉంది’ అంటుంది. ఇద్దరిలో ఒక్కరినే పార్టీ చేస్తే తప్పంతా అక్కడ లేని మూడోవాళ్ల మీదికి జారుతుంది. ఇద్దరినీ చేర్చాలి. 108 వాళ్ల రికార్డులో ఎక్కించిన సమయం, దించిన సమయం ఉంటాయి. రిఫరల్ స్లిప్‌పై టైము రాశారో లేదో ఎక్కే ముందే చూసుకోవాలి. అంత టెన్షన్‌లో ఎవరు చూస్తారు అనిపిస్తుంది, నిజమే. కనీసం ఫోటో తీసుకుంటే చాలు.

చిన్న నర్సింగ్ హోమ్ పరిస్థితీ ఒక మాట చెప్పుకోవాలి. ఒక్క గైనకాలజిస్టు నడిపే ఆసుపత్రికి మత్తు డాక్టరు పక్క ఊరి నుంచి వస్తారు. పిల్లల డాక్టరూ అంతే. మామూలు కాన్పులకు ఇది సరిపోతుంది. రిస్క్ ఉందని ముందే తెలిసిన కాన్పును, అర్ధరాత్రి అరగంటలో ఆపరేషన్‌కు సిద్ధం కాలేని చోట ఒప్పుకోవడమే పొరపాటు. వసతి లేదన్నది సమర్థన కిందికి రాదు, ఆ వసతి లేదని ముందే చెప్పారా అన్నదే ప్రశ్న అవుతుంది.

ముహూర్తం గురించి కూడా. ‘టైము మీరే పెట్టించారు కదా’ అనే వాదన రావడానికి అవకాశం ఉన్న ప్రాంతమిది. ఎన్‌ఎఫ్‌హెచ్ఎస్-5 అనే 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే. ఆ ఆపరేషన్లలో కొన్నింటికి పంచాంగం కూడా కారణమని అందరికీ తెలుసు. ముహూర్తం కోసం 37వ వారంలోనే తీయించుకుంటే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. ముహూర్తం కోసం అత్యవసర ఆపరేషన్ ఆపితే నష్టం ఇంకా ఎక్కువ. కుటుంబం అడిగినా సరే, ప్రమాదం వివరించి, కాదనాల్సిన చోట కాదని, ఆ మాట కేస్ షీట్‌లో రాసుకోవాల్సిన బాధ్యత డాక్టరుదే. అలా రాసి ఉండి కుటుంబం పట్టుబట్టి ఉంటే, పరిహారం తగ్గుతుందన్న భయం సబబే. అడ్మిషన్ రోజున ఇంగ్లిషులో అచ్చేసిన ఫారం మీద పెట్టించిన ఖాళీ సంతకం మాత్రం నిర్లక్ష్యాన్ని కప్పదు. అనుమతి అంటే తెలిసి ఇచ్చేదే అని 2008లో సమీరా కోహ్లీ తీర్పు వివరంగా చెప్పింది.

పెద్దమనుషుల రాజీ

బిడ్డ చనిపోతే ఆసుపత్రి ముందు ధర్నా, బతికి బాక్సులో ఉంటే గదిలో మాటలు. రెండోదే ఎక్కువ ప్రమాదకరం. బిల్లు మాఫీ, పైన రెండు మూడు లక్షలు, స్టాంపు కాగితం మీద ‘ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు’. అప్పటికి బిడ్డ వయసు ఆరు రోజులు. మెదడుకు ఎంత నష్టం జరిగిందో చెప్పగలిగే డాక్టరు కూడా ఆ రోజు చెప్పలేరు. జీవితాంతం చూసుకోవాల్సిన ఖర్చును అంచనా వేయడానికి ఇంతకంటే తప్పు రోజు ఉండదు.

ఆ కాగితం తల్లిదండ్రుల చేతులు కొంతవరకు కట్టేయవచ్చు. బిడ్డ హక్కు వేరు. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం సహజ సంరక్షకులు వ్యక్తిగత ఒప్పందంతో మైనర్‌ను బంధించలేరు. కేసు వేశాక అయితే, మైనర్ తరఫున రాజీకి కోర్టు అనుమతి తప్పనిసరి. అది లేకపోతే మైనర్ తర్వాత దాన్ని రద్దు చేయించుకోవచ్చు. 1998లో స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో సుప్రీంకోర్టు బిడ్డనూ తల్లిదండ్రులనూ విడివిడిగా వినియోగదారులుగా గుర్తించి, బిడ్డకు రూ.12.5 లక్షలు, తల్లిదండ్రులకు మనోవేదనకు రూ.5 లక్షలు నిలబెట్టింది. నర్సు తప్పు ఇంజెక్షన్ ఇవ్వడం వల్ల పసివాడి మెదడు దెబ్బతిన్న కేసు అది.

పోలీస్ స్టేషన్‌కు వెళ్లడం గురించి తప్పుడు ఆశలు పెట్టుకోకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ వైద్యుల నిర్లక్ష్యం వల్ల మరణం సంభవించినప్పటిది, గరిష్ఠ శిక్ష రెండేళ్లు. అందుకైనా తీవ్ర నిర్లక్ష్యం ఉండాలి, ముందుగా మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలి. అందులో పరిహారం రాదు. వైద్య మండలికి ఫిర్యాదు చేస్తే రిజిస్ట్రేషన్ సస్పెండ్ కావచ్చు, డబ్బు రాదు. ఇక అద్దాలు పగలగొడితే 2008 నాటి రాష్ట్ర చట్టం కింద ఎదురు కేసు పడుతుంది, మూడేళ్ల వరకు జైలు. కోపంలో బద్దలయ్యేది మన కేసే.

ఎక్కడ వేయాలి

డబ్బు తీసుకున్న ప్రైవేటు ఆసుపత్రి అయితే జిల్లా వినియోగదారుల కమిషన్. 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుంటూ కొందరికి ఉచితంగా చూసే ఆసుపత్రిలో, ఉచితంగా చూపించుకున్నవాళ్లు కూడా వినియోగదారులే అని కూడా అందులో ఉంది. ‘మీ బిడ్డకు ఆరోగ్య పథకం కిందే చేశాం, మీ దగ్గర రూపాయి తీసుకోలేదు’ అన్న వాదన అందుకే నిలవదు.

2019 చట్టంతో రెండు మార్పులు ఇక్కడివాళ్లకు బాగా కలిసొచ్చాయి. ఒకటి, ఫిర్యాదుదారు నివసించే చోట కేసు వేయొచ్చు. మొదటి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్లడం మన ఆనవాయితీ. పుట్టిల్లు యానాంలో, అత్తిల్లు ముమ్మిడివరంలో అయితే, పుదుచ్చేరి పరిధిలో ఉన్న ఆసుపత్రి మీద కూడా ఈ వైపు కమిషన్‌లోనే వేసుకోవచ్చు. అంతకుముందు ఆసుపత్రి ఉన్న చోటికే తిరగాల్సి వచ్చేది. రెండోది, ఏ కమిషన్ అన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాక, ఆసుపత్రికి చెల్లించిన మొత్తాన్ని బట్టి తేలుతుంది. రూ.50 లక్షల లోపు చెల్లింపు అయితే జిల్లా కమిషనే. కాన్పు బిల్లు లక్షా, బిడ్డ ఐసీయూ బిల్లు నాలుగు లక్షలూ అనుకున్నా జిల్లాలోనే కోటి రూపాయల పరిహారం అడగొచ్చు. చెల్లించింది రూ.5 లక్షలలోపు అయితే ఫీజు సున్నా. తీర్పు మీద రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలంటే 45 రోజుల గడువు. అప్పీలు వేసేది ఆసుపత్రి అయితే సగం మొత్తం ముందే డిపాజిట్ చేయాలి.

పూర్తిగా ఉచితంగా నడిచే ప్రభుత్వ ఆసుపత్రి మాత్రం ఈ చట్టంలోకి రాదు. అక్కడ దారి సివిల్ కోర్టు దావా, లేదా తప్పు స్పష్టంగా ఉంటే హైకోర్టులో రిట్. ప్రభుత్వం మీద దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. కోర్టు ఫీజు అడిగిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. కట్టలేనివాళ్లు పేదలుగా దావా వేసుకునే వెసులుబాటు ఉంది. పేద కుటుంబానికి ఉచిత ఆసుపత్రి దారిని చట్టమే ఎక్కువ కష్టంగా చేసిందన్న విమర్శ న్యాయమైనదే. లాయరు ఖర్చు విషయంలో మాత్రం ఒక సాయం ఉంది. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. ఈ కేసులో ఫిర్యాదుదారులే తల్లీ బిడ్డా. రాజమహేంద్రవరం, ఏలూరు జిల్లా కోర్టుల్లోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టాలి.

గడువు విషయంలో నిక్కచ్చిగా ఉండాలి. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు. నష్టం అప్పుడే కనిపించకపోతే, శ్రద్ధగా ఉండేవాళ్లకు అది ఎప్పుడు తెలిసి ఉండేదో ఆ రోజు నుంచి లెక్క అని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో, ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి నొప్పి ఉన్నా ఊరుకున్న ఒక నర్సు ఫిర్యాదును మాత్రం గడువు దాటిందని కొట్టేసింది. అంటే పిల్లల డాక్టరు మొదటిసారి ‘మైలురాళ్లు ఆలస్యం’ అని రాసిన తేదీ ముఖ్యం. ఆ రాతను పక్కన పెట్టి ‘మగపిల్లలు ఆలస్యంగా నడుస్తార్లే’ అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పుకున్న ఏడాది కూడా గడువు లెక్కలోకే వస్తుంది. సివిల్ దావాకు మైనర్ పేర సాధారణంగా 18 నిండాక మూడేళ్ల వరకు సమయం ఉంటుంది. దాన్ని నమ్ముకుని ఆగితే ఆసుపత్రి రికార్డులు అప్పటికి ఉండవు, సాక్ష్యం చెప్పే నర్సు ఎక్కడుందో తెలియదు.

ఎంత, ఎలా

ఇక్కడ లెక్క మామూలు నష్టపరిహారంలా ఉండదు. పెద్దవాళ్లకైతే సంపాదన పోయిందని లెక్క వేస్తారు. పసిబిడ్డకు సంపాదన లేదు, ఉన్నది ఖర్చే. చూసుకునే మనిషి జీతం, ఫిజియోథెరపీ, ఫిట్స్ మందులు, వీల్‌చైర్, డైపర్లు, ఆసుపత్రి ప్రయాణాలు, ఉద్యోగం మానేసిన తల్లి నష్టం. 2020లో రోడ్డు ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న పన్నెండేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు చూసుకునేవాళ్ల కోసమే నెలకు రూ.10 వేలు చొప్పున 18 గుణకంతో (వయసును బట్టి ఎన్నేళ్లకు లెక్కించాలో చెప్పే అంకె) రూ.21.6 లక్షలు లెక్కించింది, మొత్తం రూ.62.27 లక్షలు ఇప్పించింది.  మన ఇళ్లలో చూసుకునేది ఎప్పుడూ తల్లే, ఆ పనికి ఎవరూ విలువ కట్టరు. కేసు ఫైలులో మాత్రం కట్టాలి. వైద్య నిర్లక్ష్యం కేసుల్లో ఆ గుణకం పద్ధతిని గుడ్డిగా వాడనక్కర్లేదని, వాస్తవ అవసరాన్ని చూడాలని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్ నిమ్స్‌లో ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిన ఇంజనీరింగ్ విద్యార్థికి 2009లో కోటి రూపాయలు ఇచ్చింది అలాగే. పైన చెప్పిన చెన్నై కేసులో ధరల పెరుగుదలను కూడా లెక్కలోకి తీసుకున్నారు.

అందుకే బిల్లులు దాచడం, నెలవారీ ఖర్చు ఒక పుస్తకంలో రాసుకోవడం, ఫిజియోథెరపిస్టు దగ్గర రశీదు అడగడం కేసు వేయకముందే మొదలవ్వాలి. చాలామంది ‘మూడు లక్షలు అయ్యాయండి’ అని నోటిమాటగా చెబుతారు. కమిషన్ రశీదు ఉన్న నలభై వేలే ఇస్తుంది. ఖర్చుల అంచనాను పిల్లల న్యూరాలజిస్టు చేత రాయించుకుంటే బలం. డాక్టరుకు ఇన్సూరెన్సు ఉందేమో తెలుసుకుని, ఉంటే ఆ కంపెనీని కూడా పార్టీ చేయాలి. గెలిచాక డబ్బు వసూలు కావడానికి అదే తేలికైన దారి. మైనర్‌కు వచ్చిన మొత్తాన్ని సాధారణంగా బ్యాంకు డిపాజిట్‌లో పెట్టి వడ్డీ తీసుకోనిస్తారు. పెద్ద ఖర్చు వస్తే అసలు నుంచి తీసుకోవడానికి అనుమతి అడగాలి.

చెన్నై పాప కేసు పుట్టుక నుంచి సుప్రీంకోర్టు తీర్పు దాకా దాదాపు పంతొమ్మిదేళ్లు నడిచింది. అన్నీ అంత సాగవు, కానీ ఏళ్లు పడతాయి. అందాకా ప్రభుత్వం నుంచి రావాల్సినవి ఆపుకోకూడదు. వికలాంగుల గుర్తింపు కార్డు, దాని మీద పింఛను తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగులకు నెలకు రూ.6 వేలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు రూ.15 వేలు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. ఇవి తీసుకుంటే పరిహారం తగ్గిపోతుందేమోనన్న భయంతో కొందరు ఆగుతారు. తప్పు చేసినవాళ్ల బాధ్యతకూ, ప్రభుత్వం ఇచ్చే సాయానికీ సంబంధం లేదు. పైగా ఆ గుర్తింపు కార్డు కోసం మెడికల్ బోర్డు రాసిచ్చే వైకల్య శాతమే కేసులో నష్టం తీవ్రతకు మొదటి అధికారిక రుజువు అవుతుంది.